వచ్చిపోవువారి వలన ఊరు బాగుపడునా?

పర్యాటకము వర్ధిల్లినచో పల్లెలు వర్ధిల్లుననునది నేడు మన రాష్ట్రమున ఎవరును రుజువు చేయవలసిన సిద్ధాంతము కాదు; రుజువు అడుగుటయే అమర్యాదగా పరిగణింపబడుచున్న విశ్వాసము. మంత్రులు శంకుస్థాపన సభలయందును, అధికారులు తమ నివేదికలయందును, పత్రికలు ఆదివారపు అనుబంధములయందును, పట్టణములలో స్థిరపడి సంక్రాంతికి మాత్రము సొంతయూరు వచ్చు విద్యాధికులు అరుగులమీదను దీనినే వల్లించుచున్నారు. ఇజములన్నియు గతించినవనియు, ఇక మిగిలినది టూరిజ మొక్కటేయనియు ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు పలుమారులు చెప్పియున్నారు. 2024లో వెలువడిన రాష్ట్ర పర్యాటక విధానము ఈ వ్యాపారమునకు పరిశ్రమ హోదా నొసగినది. ఇందరు ఇంత ధీమాతో నమ్మినదానిని కాదనుట సాహసమే. ఐనను, ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెము మండలమున కట్టలేటికి చేరువనున్న వినగడపవంటి యూరినుండి చూచినపుడు, ఈ విశ్వాసము కార్యమును కారణముగను, కారణమును కార్యముగను తారుమారు చేసికొన్నదని నేను తలచుచున్నాను.

వినగడప పేరు విని దూరదేశములనుండి పరుగెత్తి రాదగిన వింత యక్కడ ఏదియు లేదు. ఆ ప్రాంతమువారి బ్రతుకు ప్రత్తిమీదను, మిరపమీదను, మామిడితోటలమీదను, నాగార్జునసాగరు ఎడమకాలువ చిట్టచివరి భూములకు ఎపుడు నీరు దిగునా యను ఎదురుచూపుమీదను సాగుచున్నది. వానకాలమున కట్టలేరు పొంగినపుడు వినగడప దగ్గర రాకపోకలు నిలిచిపోవుట తిరువూరు ప్రాంతమున వార్తయైనను వింత కాదు. మునగని వంతెన కావలెనను కోరికయు అక్కడ నిన్న మొన్న పుట్టినది కాదు. ఇట్టి యూరిని బాగుచేయు మార్గమేదని అడిగినచో పర్యాటకవాదులకు సిద్ధముగా ఒక పథకము కలదు: మామిడితోటలో నాలుగు కుటీరములు, ఏటిగట్టున ఉద్యానము, నీరున్ననాళ్ళు పడవ షికారు, సాయంకాలము తండాస్త్రీలచేత అద్దముల రవికలు తొడిగించి నృత్యము. ఊరు మారినను ఈ పథకము మారదు. అరకున కెట్లో, అనంతగిరి కెట్లో, గంపలగూడెమునకును అట్లే. ఏరు దాటలేక రోగి యింటనే చిక్కుపడిన దినమున ఆ ఏరు పంచాయతి సమస్య. అదే ఏటిలో పట్టణవాసికి పడవ నడపవలెనన్న దినమున అది రాష్ట్రాభివృద్ధి. ఈ వ్యత్యాసమును గమనించినవాడు ఈ సిద్ధాంతము ఎవరికొరకు పుట్టినదో సులభముగనే గ్రహింపగలడు.

తిరువూరు సీమకు బయటినుండి వచ్చిన మేలును లెక్కింపదలచినచో దూరము పోనక్కరలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము కొరకు కృష్ణాలోయలోని ఊళ్ళు ఖాళీయైనవి. ఇక్ష్వాకుల విజయపురి శిథిలములను తవ్వి తీసి, కొన్నిటిని కొండమీదికి తరలించిరి. ఆ కొండయే నేడు లాంచీ ఎక్కి చూడబోవు ద్వీపమైనది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. ఒక్క ఆనకట్ట రెండు ఫలముల నిచ్చినది: ఒకటి చూచుటకు వచ్చువారికి మ్యూజియము, రెండవది దున్నుకొనువారికి కాలువ. మ్యూజియమును తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. బౌద్ధశిల్పమును ప్రేమించువారికి అది పుణ్యస్థలమే. కాని ఆరు దశాబ్దములుగా మన మెట్టసీమలో గడ్డివాములు పెరిగినదియు, పిల్లలు బడికి పోయినదియు ద్వీపమును చూడవచ్చిన యాత్రికుల వలనా, కాలువ చివరివరకు దిగిన సంవత్సరములలో దిగిన నీటివలనా? ఈ ప్రశ్న గంపలగూడెము రైతు నడిగినచో అతడు నవ్వును. ఆ కాలువ చివరి భూములకు నీరందింపలేకున్న ప్రభుత్వమే విహారస్థలములకు రాయితీలు ప్రకటించుచున్నపుడు ఆ నవ్వు నిలువదు.

ఇక ధనమును గూర్చి. యాత్రికుడు వచ్చును, వెచ్చించును, ఆ వెచ్చించిన ధనము ఊరిలో నిలుచును అనునది ఈ వాదమునకు మూలకందము. మొదటి రెండును నిజములు. మూడవది నిజము కాదు. విజయవాడనుండి అరకులోయకు బయలుదేరిన ఒక కుటుంబమును తలచుకొనుడు. ప్రయాణపు ఖర్చు రైల్వేకో, బస్సు యజమానికో, చమురు కంపెనీకో పోవును. ఫోనులో గది కుదిర్చినందుకు బెంగుళూరుననో గురుగ్రామముననో ఉన్న సంస్థ తన కమీషను తీసికొనును. గది అద్దె హోటలు యజమానిది. ఆ యజమాని లోయలో పుట్టినవాడగుట అరుదు. మంచినీటి సీసా, బిస్కత్తు పొట్లము, చల్లని పానీయము ఏ కర్మాగారమునుండియో వచ్చినవి. ఇవి యన్నియు పోగా మిగిలినది ఉడికించిన మొక్కజొన్నపొత్తునకును, వెదురుబొంగు కోడికూరకును, దారిప్రక్క సీతాఫలముల బుట్టకును ఇచ్చిన చిల్లరయు, హోటలున గదులూడ్చు ఆడుదానికి నెలతిరిగిన పిదప ముట్టు కూలియు మాత్రమే. "అదియైనను పూర్వము లేదు గదా" యని వాదులు తొందరపడి యందురు. పూర్వము లేని ఖర్చులును లేవని వారు మరతురు. యాత్రికుల గిరాకితో కూర, కోడి, ఇంటియద్దె, ఆటోకూలి పెరుగును. ఆ పెరిగిన ధర యాత్రికునికి రెండు దినముల వినోదపు పన్ను, స్థానికునికి సంవత్సరమంతయు శిక్ష.

అరకుదారి కథయే చూడుడు. కొత్తవలస, కిరండూలు రైలుమార్గము 1960వ దశకమున బైలదిల్ల ఇనుపఖనిజమును జపానునకు ఎగుమతి చేయుటకై వేయబడినది. కొండవారి ప్రయాణసౌఖ్యము దాని యుద్దేశము కాదు. 2017లో అదే పట్టాలమీద అద్దపు పైకప్పు గల విస్టాడోము పెట్టె వచ్చినది, అదియు కొండవారి కొరకు కాదు. ఒకనాడు కొండనుండి ఖనిజము దిగిపోయెను; నేడు కొండయొక్క దృశ్యము టిక్కెట్టుమీద అమ్ముడుపోవుచున్నది. రెండు బేరములయందును అమ్మువాడు ఆ కొండమీద నివసించువాడు కాడు.

ఇచట ఒక చట్టపు మాట చెప్పక తప్పదు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి చెందరాదని 1959 నాటి రెగ్యులేషనును, దానిని కట్టుదిట్టము చేసిన 1970 నాటి రెగ్యులేషనును ఉన్నవి. అనంతగిరి మండలము బొర్రా ప్రాంతపు గనుల కవుళ్ళమీద నడచిన సమతా వ్యాజ్యమున 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఆ నిషేధము ప్రభుత్వమునకును వర్తించునని తేల్చి, గని నడపువారు నికరలాభములో కనీసము 20 శాతము ఆ ప్రాంతపు ప్రజల అభ్యున్నతికి విడువవలెనని సూచించినది. కొండను త్రవ్వి అమ్మువానిని అంత మాత్రమైనను అడిగినాము. కొండను చూపి అమ్ముకొనువానిని ఎవ్వరు ఏమి అడిగిరి? ఏజెన్సీలో కాగితముమీదనైనను ఒక రక్షణ కలదు. వినగడపవంటి మైదానపు ఊరికి అదియును లేదు. ఇక్కడ భూమి ధర పెరుగుటయే గొప్ప అభివృద్ధిగా చెప్పుకొందురు. ధర పెరిగినది పండించువానికా, పట్టా గలవానికా? పట్టాదారులలో పలువురు విజయవాడయందో, హైదరాబాదునందో, అమెరికాయందో ఉన్నారు, దున్నువాడు కౌలుదారు. ఎకరము ధర రెట్టింపైన దినమున కౌలు పెరుగును, లేదా తోట నరికి ప్లాట్లు వేయుదురు. బంగినపల్లి, కలెక్టరు చెట్లను తండ్రినాటినుండి కనిపెట్టుకొని వచ్చినవాడు ఆ విహారస్థలపు గేటుకడ కాపలాదారుగా నిలుచును. అప్పుడు అతనికి ఉద్యోగము దొరికినదని లెక్కలలో వ్రాయుదురు.

ఆ ఉద్యోగము నిలకడ యెంతటిది? 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి నలువదిమందికి పైగా మరణించిరి. అంతకు రెండేండ్ల ముందు, 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారము, ఇబ్రహీంపట్నము దగ్గర కృష్ణలో మరియొక పడవ తిరుగబడెను. కచ్చులూరి కడ మునుగుచున్నవారిని మొదట కాపాడినది ఏ శాఖయు కాదు; ఒడ్డునున్న పల్లెవారే తమ పడవలు వేసికొనిపోయి ఇరువదిమందికి పైగా ఒడ్డు చేర్చిరి. ఆ ఒడ్డు పోలవరపు ముంపునకు గురియైన దేవీపట్నము మండలములోనిది. యాత్రికుల ప్రాణములు కాపాడిన పల్లెలకు తమ ఊరు కాపాడుకొను హక్కు లేకపోయినది. ఈ సంగతి ఏ ప్రచారపత్రికయందును అచ్చు కాదు. ప్రమాదము జరిగిన మరునాటినుండి పడవలు ఆగినవి, పడవలతో ఆ రేవులలో బేరములు ఆగినవి. మరుసటి యేడు మహమ్మారి వచ్చినపుడు లోకమంతట ఇదే జరిగినది. 2020లో దేశదేశముల నడుమ తిరుగు యాత్రికుల సంఖ్య అంతకు ముందటి యేటికంటె నూటికి డెబ్బదికి పైగా పడిపోయెను. ఆ కష్టకాలమున పట్టణమున పని పోయిన కూలివారు నడచియైనను తిరిగిచేరినది పైరున్న ఊళ్ళకు గాని, విహారస్థలములకు కాదు. పొరుగింటి పెండ్లిభోజనమును నమ్మి సొంతపొయ్యి ఆర్పుకొనువాని తెలివి వంటిది, సేద్యమును విడిచి యాత్రికుని నమ్ముకొనుమను ఈ హితబోధ.

సంస్కృతి విషయమున వాదులు మరింత గంభీరముగా మాటలాడుదురు. యాత్రికుడు లేనిచో కళలు నశించుననియు, అతడు చూచుటవలననే అవి బ్రతుకుచున్నవనియు వారి నమ్మకము. మన జిల్లాలోనే కొండపల్లి కలదు. తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములను అతికించి, రంగులద్ది, దశావతారములను, అంబారీ యేనుగును, తాడిచెట్టెక్కు గీతకానిని, ఎడ్లబండిని ఆ పనివారు తరతరములుగా చేయుచు వచ్చిరి. వానిని ఎవరు కొనిరి? కోట చూడవచ్చినవారు కాదు. దసరాకును సంక్రాంతికిని తమ యింట బొమ్మలకొలువు పెట్టుకొను గృహిణులు కొనిరి. ఏటేట ఒక కొత్త బొమ్మ చేర్చవలెనను ఆచారమే ఆ కళకు ఆశ్రయము. ఆ కొలువులు తగ్గిన కొలది కళకు నీరసము వచ్చినది. యాత్రికునకు సంచిలో పట్టు చిన్నబొమ్మ చాలును, ధర తక్కువ కావలెను, ఒకసారి కొన్న పిదప మరల రాడు. అతని యభిరుచికి లొంగిన పనివాడు అవతారములు పది చెక్కుట మాని తాళపుచెవుల గుత్తికి వ్రేలాడదీయు బొమ్మలు చెక్కును. అంతకంటె పెద్దచిక్కు కొయ్యది: పొణికిచెట్టు అడవిలో కరవగుచున్నది. ఎందరు యాత్రికులు వచ్చినను ఒక పొణికిమొక్క నాటరు. అడవిశాఖ నాటవలెను, పనివారికి కొయ్య అందునట్లు చూడవలెను. అది చేయక దుకాణముల వరుసకు రంగులు వేసి "కళాగ్రామము" అని పలక తగిలించుట కళాసేవ కాదు.

థింసా సంగతి ఇంకను విచారకరము. చైత్రమున మన్యపు ఇటుకల పండుగనాళ్ళలో ఊరు ఊరంతయు చేయి చేయి పెనవేసికొని ఆడు నృత్యమది. ఆ పండుగలోనే స్త్రీలు దారికి అడ్డముగా నిలిచి వచ్చిపోవువారి వద్ద కానుక వసూలు చేయు ఆచారము కలదు. దానిని చూచినపుడు నాకు ఎనలేని ఆనందము కలుగును. ఏలయనగా అక్కడ నియమము పెట్టునది ఊరు, లోబడువాడు బాటసారి. హోటలు ముంగిట రాత్రి భోజనమునకు ముందు జరుగు థింసాలో ఈ సంబంధము తిరుగబడినది. వేళ హోటలుది, నిడివి హోటలుది, ఎఱ్ఱచీరలు హోటలువి. అతిథి కోరినచో మధ్యలో చేరి ఫొటో తీయించుకొనును. నర్తకికి కూలి ముట్టుటను నేను తప్పుపట్టను. పేదవానికి వచ్చు రూపాయిని పరిహసించుట పాపము. కాని కూలికి చేయు పనిని "సంస్కృతీ పరిరక్షణ" యని పిలిచి దండలు వేసికొనువారిని మాత్రము తప్పుపట్టుదును. రేపు తిరువూరు సీమలోని తండాలకును ఇదియే పట్టవచ్చును. లంబాడీ స్త్రీ తీజ్ పండుగకు ఆడినపుడు ఆమె ఎవరికిని ప్రదర్శనము కాదు.

ఇంతవరకు విన్నవారు ఒక యాక్షేపము చేయుదురని నాకు తెలియును. యాత్ర మనకు కొత్తదా? మన మండలమున నెమలి వేణుగోపాలస్వామి గుడికి జనులు రారా? మునేటియొడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు రెండు రాష్ట్రములవారు బండ్లు కట్టుకొని వచ్చుట లేదా? నిజమే, వచ్చుచున్నారు, ఈ దృష్టాంతము నా పక్షముననే సాక్ష్యము చెప్పును. తిరునాళ్ళకు వచ్చువాడు ఊరిని చూడ రాడు, ఊరి దేవతను కొలువ వచ్చును. ఆ కొలువులో అతడును ఊరివాడును ఒకే వరుసలో నిలుతురు. తిరుపతమ్మ గుడిలోని దేవతామూర్తులకు రంగులు వేయించుటకై జగ్గయ్యపేటకు ఊరేగింపుగా తీసికొనిపోవు ఉత్సవమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. రంగులు వేయు ఆ పని యాత్రికుల వేడుకకై కల్పింపబడలేదు. దేవతకు అవసరము గనుక చేయుదురు, చేయుదురు గనుక జనులు వెంట నడతురు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మదరాసునుండి బయలుదేరి పదునైదు నెలలు పయనించి వ్రాసిన కాశీయాత్రచరిత్రను తిరుగవేసిన వారెరుగుదురు: మజిలీ మజిలీకి అక్కడ నీరెట్లున్నది, వస్తువులు దొరకునా, ఊరివా రెట్టివారు అని అతడు విచారించుచు పోయెను. ఊరు అతనికి దృశ్యము కాదు, ఆధారము. ఇక అన్నము పెట్టుట. గోదావరిపాయలు దాటి అలసివచ్చిన బాటసారులకు లంకల గన్నవరమున వేళాపాళా లేక వండివడ్డించిన డొక్కా సీతమ్మ 1909లో గతించినది. ఆమె ఇంటిలో ధరలపట్టిక లేదు. అతిథిని దైవముగా భావింపుమన్న ఉపనిషత్తు మాటను కేంద్ర పర్యాటకశాఖ తన ప్రచారమునకు నినాదముగా చేసికొనినపుడు, బిల్లు చెల్లింపగల దైవమునకే ఆ మర్యాద యని జోడింపవలసినది.

పర్యాటకము ఎచ్చటను మేలు చేయలేదని నేననను. కేరళలోని కుమరకమున 2008 నుండి పంచాయతియు, కుడుంబశ్రీ మహిళాసంఘములును హోటళ్ళతో ఒడంబడిక చేసికొని, కూరగాయలు, చేపలు, పాలు ఊరివారి వద్దనే కొనునట్లు ఏర్పాటు చేసికొనిరి. అక్కడ హోటలు ఊరిని లొంగదీయుటకు ముందు ఊరు హోటలును లొంగదీసినది. తెలంగాణలోని పోచంపల్లి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థచే ఉత్తమ పర్యాటకగ్రామములలో ఒకటిగా గుర్తింపు పొందినది. కాని ఆ ఊరు మగ్గమును నమ్ముకొని చాలకాలమునుండి బ్రతికినది, చీరకు పేరు వచ్చిన పిదపనే దానిని నేయు ఊరిని చూడవలెనని జనులకు తోచినది. రెండుచోట్లను ఊరికి సొంతపని ముందుండెను. అది లేనిచోట ఏమగునో ఐరోపా చెప్పుచున్నది. వెనిసు పాతనగరమున 1951లో లక్షా డెబ్బదివేలమందికి పైగా కాపురముండిరి. నేడు యాబదివేలమందియు లేరు. 2024 ఏప్రిలు 25 నుండి ఆ నగరము ఒక్కపూట చూచిపోవువారి వద్ద అయిదు యూరోల ప్రవేశరుసుము వసూలు చేయ మొదలుపెట్టినది. బార్సిలోనా 2028 నాటికి యాత్రికులకు అద్దెకిచ్చు ఇండ్ల అనుమతులను రద్దు చేయుదునని ప్రకటించినది. మన పొరుగున భూటాను, మన దేశీయుల వద్దనే రోజునకు 1200 రూపాయలు తీసికొనిగాని రానీయదు. ఈ వ్యాపారమున ఆరితేరినవారు తలుపులు ఓరగా మూయుచున్నపుడు మనము తలుపులతో పాటు ద్వారబంధములను కూడ పెరికి ఇచ్చుచున్నాము. ఋషికొండమీద పర్యాటకసంస్థ పేరిట కొండను దొలిచి నాలుగువందల కోట్ల రూపాయలకు పైగా వ్యయించి కట్టిన భవనములను ఏమి చేయవలెనని, కట్టి ముగించిన తరువాత ఆలోచించుట మన ప్రత్యేకత.

కావున వినగడప పంచాయతివారికిని, అట్టి యూళ్ళ పెద్దలకును, యువకులకును నా మనవి ఇది. మీ యూరికి విహారస్థలము తెత్తుమని ఎవరు వచ్చినను గౌరవముగా కూర్చుండబెట్టి, గ్రామసభ తీర్మానము లేనిదే సెంటు ఉమ్మడిభూమియైనను కౌలున కీయమని ముందే చెప్పుడు. ఏటిగట్టు, చెరువుశిఖము, మందబయలు వారి పటములో గీతలైనను మీకవి పశువుల మేతయు, నీటిదారియునని చూపుడు. లాభములో ఊరిపాలు ఎంతయో, కూరలు, పాలు, పండ్లు ఎవరివద్ద కొందురో, కౌలుదారు గతి యేమో కాగితముమీద వ్రాసియిమ్మని అడుగుడు. వ్రాయనివానిని పంపివేయుడు. ప్రభుత్వమువారు వచ్చినచో కాలువ చివరి నీటిని గూర్చియు, కట్టలేరు పొంగిన దినములలో దాటుదారిని గూర్చియు మొదట మాటలాడుడు. ఆ రెండును తేలినపిమ్మట షికారు పడవను గూర్చి తీరికగా విందమని చెప్పుడు.